కిక్రి పాట నుంచి బొమ్మల పుస్తకం దాకా

మన తాతలు కథల్ని చదివి నేర్చుకోలేదు, ప్రధాన్ నోట విని నేర్చుకున్నారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పెర్సపేన్ పూజకైనా, కర్మకాండకైనా ప్రధాన్ వచ్చి కిక్రి వాయిస్తూ గాథ పాడితేనే ఆ కార్యం నిండేది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల వాళ్లు ఎలా పుట్టారో, ఏ పేన్ ఎక్కడ వెలిసిందో ఆ పాటే మనకు చెప్పింది.

ఈ గాథలు అచ్చులోకి మొదట బయటివారి చేతుల మీదుగా వచ్చాయి. హైమండార్ఫ్ మన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణాలను, పూజావిధానాలను 1948లో ఇంగ్లిషులో ప్రచురించారు. అంతకు ముందే, 1944లో, వెరియర్ ఎల్విన్ మధ్య భారతపు జానపద కథల సంపుటి తెచ్చారు. వారి శ్రమ వల్ల ఎన్నో కథలు దక్కాయి. ఆ మేలు మరువం. కానీ అట్టల మీద ఉన్నది సేకరించినవారి పేరు, చెప్పినవారిది కాదు.

ఎల్విన్ కొంతకాలం నివసించిన పాటన్‌గఢ్ గ్రామం మధ్యప్రదేశ్‌లో ఉంది. అక్కడి ప్రధాన్లది కూడా పాట వృత్తే. వారి వాద్యం బానా. 1980ల ఆరంభంలో భోపాల్ భారత్ భవన్‌కు చెందిన చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఆ ఊరి గోడ మీద జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడు వేసిన బొమ్మలు చూసింది. ఆయన భోపాల్ వెళ్లి, అంతవరకు పాటలోనే ఉన్న దేవుళ్లకు కాగితం మీద రూపం ఇచ్చారు. 2001లో జపాన్‌లో చనిపోయారు. అప్పటికే ఆయన దగ్గర బొమ్మ నేర్చుకున్న బంధువులు ఆ దారిలో నడుస్తున్నారు.

వారిలో భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి కలిసి చెట్ల గాథలకు బొమ్మలు వేశారు. 2006లో చెన్నైలోని తారా బుక్స్ వాటిని 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' పేరుతో నల్ల కాగితం మీద చేత్తో అచ్చువేసింది. ఆ పుస్తకం అట్ట మీద ముగ్గురు కళాకారుల పేర్లూ ఉన్నాయి. భజ్జు శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

అయితే బొమ్మకు గొంతు లేదు. పుస్తకం ఎంత అందమైనదైనా అందులో కిక్రి మోగదు, మన గోండి మాట వినపడదు. మన దగ్గర ఆ మాట ఇంకా ఉంది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది, కాబట్టి మన కథను మన అక్షరాల్లోనే అచ్చువేసుకునే వీలుంది. గాథలు తెలిసిన పెద్దలు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ దండారికి ఊరు వచ్చినప్పుడు ఒక పెద్దాయన దగ్గర కూర్చోండి. ఒక్క గాథను పూర్తిగా వినండి, ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, మీకు తోచిన బొమ్మ వేయండి. పుస్తకం అయ్యాక అట్ట మీద మొదట ఆయన పేరు, తర్వాత మీ పేరు రాయండి.

జై సేవా!