ఇసుకవాగు నీళ్లు, శంషాబాద్ విమానాలు

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని కార్గో టెర్మినల్‌లో మందుల కోసమే ఒక ప్రత్యేక విభాగం ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన మందులు అక్కడ చల్లదనం చెడకుండా విమానమెక్కి దేశదేశాలకు వెళ్తాయి. వాటిని తయారుచేయగా మిగిలిన నీళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. ఆ నీళ్లను పరీక్షిస్తూ పోయిన స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ పరిశోధనా ప్రస్థానంలో మన వాగుల పేర్లకు పెద్ద చోటే ఉంది.

1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. అందులో పని నేర్చినవాళ్లలో కొందరు సొంత కంపెనీలు పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కేంద్రాలయ్యాయి. ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసే నీటి రంగు మారింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు 1980ల నుంచే దీని మీద పోరాడారు. అంటే లార్సన్ రాకముందే ఊళ్లకు జబ్బు తెలుసు. తెలియనిది ఆ నీళ్లలో ఏ మందు ఎంత ఉందన్న లెక్క.

లార్సన్ మొదట చేపల మీద పనిచేశారు. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోను స్వీడన్ మురుగునీటి ద్వారా చేపల ఒంట్లోకి చేరుతోందని 1999లో ఆయన బృందం చూపింది. అక్కడి అంకెలు లీటరుకు నానోగ్రాముల్లో ఉండేవి. మనిషి వాడి విసర్జించిన మందే అంత ప్రభావం చూపితే, మందు పుట్టే చోట పరిస్థితి ఏమిటి? పటాన్‌చెరుకు దారి చూపింది ఈ ప్రశ్నే.

2007లో జవాబు అచ్చయింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి అయ్యాక ఉన్న అంకె ఇది! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే కూడా ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రో వాగుపాలయ్యేది. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి ఐదు రోజుల వాడకం అది. 2009లో మరో అధ్యయనం వచ్చింది. ఆ ప్రాంతపు చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రో, పల్లెల బావుల్లో అలర్జీ మాత్రల సెటిరిజిన్ సహా రకరకాల మందులు.

ఇక్కడే ఈ పరిశోధన మలుపు తిరిగిందని చెప్పాలి. అప్పటిదాకా అది రసాయనాల లెక్క. ఆ తర్వాత ప్రాణుల లెక్క. అంత మందులో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఎలాంటిది? దాని దగ్గరున్న, మందును తట్టుకునే నిరోధక జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ చుట్టల మీదెక్కి ఒక జాతి నుంచి మరో జాతికి దాటగలవు. వాగులో హానిచేయని సూక్ష్మజీవి దాచుకున్న విద్య రేపు ఆసుపత్రిలోని రోగకారకానికి అబ్బవచ్చు. 2011లో వాగు బురదలో అలాంటి జన్యువులు కుప్పలుగా దొరికాయి. 2013లో శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూస్తే, 86 శాతం రకాలు ఇరవై లేదా అంతకుమించి యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. 2014లో అదే ప్రాంతంలోని కాజీపల్లి చెరువు వంతు వచ్చింది: స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే నిరోధక జన్యువులు దాదాపు 7,000 రెట్లు.

ఇది పటాన్‌చెరు బాధ మాత్రమే అనుకునేవారికి లార్సన్ బృందం 2015 అధ్యయనం జవాబిచ్చింది. భారత ఉపఖండానికో మధ్య ఆఫ్రికాకో చదువుకోవడానికి వెళ్లిన 35 మంది స్వీడన్ విద్యార్థుల మలాన్ని ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించారు. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు సగటున 7.7 రెట్లు పెరిగాయి. వాళ్లు ప్రయాణంలో యాంటీబయాటిక్‌లు వాడలేదు. నీళ్లు, తిండి, మనుషుల సావాసం చాలు. లగేజీ స్కానర్లకు దొరకని సరుకు ఇది; శంషాబాద్ లాంటి ఏ విమానాశ్రయం నుంచైనా మనిషి పొట్టలో కూర్చుని దర్జాగా వెళ్లిపోతుంది.

కొలవడం అయ్యాక హద్దు గీయడం మిగిలింది. 2016లో లార్సన్, యోహాన్ బెంగ్ట్‌సన్-పాల్మె కలిసి 111 యాంటీబయాటిక్‌లకు నీటిలో మించకూడని మోతాదులు ప్రతిపాదించారు. సిప్రోకు అది లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007 నాటి పటాన్‌చెరు అంకె దానికి దాదాపు 4.8 లక్షల రెట్లు! నీటిని శుద్ధిచేసే కొత్త సాంకేతికత కంటే ఈ హద్దే ముఖ్యం. హద్దు లేనంతకాలం ఏ కంపెనీనైనా ఏమని నిలదీయగలం?

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయమైంది. వాగు పక్క ఊళ్లకు ఇది తీరని అన్యాయం. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ కర్మాగారాల వ్యర్థజలంపై తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి సలహాలే, చట్టం కాదు.