జన్యువుల మధ్య గట్లు

ఇంటర్ బైపీసీ పుస్తకంలో న్యూక్లియోసోమ్ బొమ్మ ఉంటుంది: హిస్టోన్ ప్రోటీన్ల మీద చుట్టుకున్న డీఎన్ఏ. నర్సీపట్నంలోనైనా హైదరాబాదులోనైనా విద్యార్థులు దాన్ని పరీక్షకోసం గీసి వదిలేస్తారు. చర్మకణం జన్మంతా చర్మకణంగానే ఎందుకు ఉండిపోతుందో తెలియాలంటే మాత్రం ఆ చుట్ట దగ్గరే మొదలుపెట్టాలి.

1928లో ఎమిల్ హైట్జ్ నాచుమొక్కల కణాల్లో, విభజన ముగిశాక కూడా వదులుకాని ముదురు రంగు భాగాలను గమనించి హెటరోక్రోమాటిన్ అన్నాడు. అక్కడి జన్యువులు పనిచేయవని ఊహించాడు. 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ న్యూక్లియోసోమ్ నిర్మాణాన్ని ప్రతిపాదించాక ఆ బిగువును అణుస్థాయిలో వెతకడం సాధ్యమైంది.

ఎదిగిన కణాన్ని వెనక్కి మార్చగలమా అన్న ప్రశ్న అంతకుముందే మొదలైంది. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని అండంలో పెట్టి కొత్త తోకకప్పలను పుట్టించాడు. నూటికి ఒకటి రెండే ఎదిగాయి. 2006లో షిన్యా యమనాక ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్ అనే నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను మూలకణాల్లా మార్చాడు. అందులోనూ వెయ్యికి ఒకటైనా మారలేదు. అందరూ ఆ నాలుగింటి గొప్పతనం చెబుతారు. మారకుండా మొండికేసిన కణాలే నాకు అసలు కథ. 2012లో కెన్నెత్ జారెట్ బృందం ఒక కారణం పట్టుకుంది: హిస్టోన్ మీద హెచ్3కే9 అనే చోట మిథైల్ గుర్తున్న హెటరోక్రోమాటిన్ ప్రాంతాలు ఆ నాలుగు జన్యువుల ప్రోటీన్లను దరిచేరనివ్వడం లేదు. ఆ గుర్తు వేసే ఎంజైములను తగ్గిస్తే మార్పు వేగం పుంజుకుంది.

కణం తన రూపాన్ని నిలుపుకోవడానికి బిగువు ఒక్కటే చాలదు, జన్యువుల మధ్య హద్దులు కూడా కావాలి. ఇక్కడ మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ పని ముందుకొస్తుంది. పండ్ల ఈగలో పొట్ట ఖండాల రూపాన్ని నిర్ణయించే బైథొరాక్స్ జన్యువుల దగ్గర ఫ్యాబ్-7 అనే హద్దు ఉంది. వరిమళ్ల మధ్య గట్టు తెగితే పైమడి నీళ్లు కిందిమడిలోకి దిగినట్టు, ఆ హద్దు పోతే పక్క ఖండపు ఆదేశాలు ఇటు పారి ఆరో ఖండం ఏడోదానిలా తయారవుతుంది. డీఎన్ఏ అక్షరాల్లో ప్రోటీన్ రాసిన చోటేదీ చెడకుండానే! రాకేశ్ మిశ్రా ఇలాంటి హద్దుల మీద జెనీవాలో పనిచేసి, 2001లో సీసీఎంబీకి వచ్చారు. 2010లో ఆయన బృందం అలాంటి పనే చేసే ఎలుక హాక్స్-డి జన్యువుల దగ్గరి హద్దును ఈగలో పెట్టి చూసింది. అది అక్కడా హద్దుగానే నిలిచింది, అందుకు ఈగ సొంత ప్రోటీన్ గాగా అవసరమైంది. అంత దూరపు జీవుల మధ్య ఈ పద్ధతి చెక్కుచెదరకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మళ్లీ కణాల మార్పు దగ్గరికి వస్తే, 2018లో బార్సిలోనా శాస్త్రవేత్తలు ఎలుక బీ-కణాలను మూలకణాలుగా మారుస్తూ క్రోమాటిన్ (హిస్టోన్ల మీద చుట్టుకున్న డీఎన్ఏ) మడతలను దశలవారీగా కొలిచారు. చాలాచోట్ల మడతలే ముందు మారాయి, జన్యువులు తర్వాత మేల్కొన్నాయి.