బంగారు వీపు వడ్రంగిపిట్ట

బంగారు వీపు వడ్రంగిపిట్ట పిసిడే కుటుంబానికి చెందిన పక్షి. దీని శాస్త్రీయ నామం డైనోపియం బెంగాలెన్సె. 1758లో లిన్నేయస్ దీనిని వర్ణించాడు. పట్టణాలలోని తోటలలో సైతం కనిపించే కొద్దిపాటి వడ్రంగిపిట్టలలో ఇది ఒకటి.

లక్షణాలు

ఇది 26 నుండి 29 సెంటీమీటర్ల పొడవుంటుంది. వీపు, రెక్కల పైభాగం బంగారు పసుపు రంగులోను, తోక నలుపు రంగులోను ఉంటాయి. అడుగుభాగం తెల్లగా ఉండి, దానిపై నల్లని చారలుంటాయి. మగపక్షి నడినెత్తి, జుట్టు ఎర్రగా ఉంటాయి. ఆడపక్షికి నెత్తి ముందుభాగం నల్లగా ఉండి తెల్లని చుక్కలుంటాయి; వెనుకనున్న జుట్టు మాత్రమే ఎరుపు. దీనిని పోలిన ఇతర జాతులకు తోక మొదలుపై ఎర్రని ఈకలుంటాయి. దీనికి ఆ భాగమూ, సన్నని తెల్లచుక్కలు గల గొంతూ నల్లగా ఉంటాయి. గుర్తు పట్టడానికి ఇదే మేలైన ఆనవాలు.

తలపై విసనకర్ర వంటి కుచ్చు, పొడవైన వంపు ముక్కు గల హూపో పక్షిని కొందరు వడ్రంగిపిట్ట అని పొరబడుతుంటారు. అది నేలపై పురుగులను ఏరుకొని తింటుందే గాని చెట్లను తొలవదు.

ఆవాసం

భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఉత్తర శ్రీలంకలలో, ముఖ్యంగా మైదాన ప్రాంతాలలో నివసిస్తుంది. పలుచని అడవులు, మామిడి, కొబ్బరి తోటలు, రోడ్ల ప్రక్కనున్న పాత చెట్లు దీనికి అనుకూలం. కచ్, రాజస్థాన్ ఎడారి ప్రాంతాలలో అరుదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా కనిపిస్తుంది.

ఆహారం

చీమలు, చెదపురుగులు, పెంకుపురుగుల డింభకాలు ముఖ్యమైన ఆహారం. పండ్లను, పూలలోని మకరందాన్ని కూడా గ్రహిస్తుంది. తరచుగా జంటగా తిరుగుతూ, మాను మీద గెంతుతూ పైకి ప్రాకుతుంది. బిరుసైన తోకను మానుకు ఆనించి ఊతగా వాడుకొంటుంది. కాలివేళ్ళు రెండు ముందుకు, రెండు వెనుకకు ఉండడం వలన పట్టు జారదు. వదులుగా ఉన్న బెరడును ముక్కుతో పెళ్లగించి, పొడవైన నాలుకను సందులలోకి చాచి లోపలి పురుగులను లాగుతుంది. చీమల కొరకు నేల మీదికి కూడా దిగుతుంది. మనుషుల అలికిడి వినబడితే మాను అవతలి వైపునకు జరిగి దాగుకొంటుంది.

ఇది చెట్లను పాడు చేస్తుందనే నింద ఉంది. కానీ అది పొడిచే చోట సాధారణంగా పురుగు ముందే చేరి ఉంటుంది. గూటి కొరకు కూడా ఎక్కువగా పుచ్చిన లేదా ఎండిన కొయ్యనే తొలుస్తుంది. అందువలన ఎండుమానులను పూర్తిగా నరికివేసిన తోటలో దీనికి ఆహారం ఉన్నా గూటికి చోటు దొరకదు. ఇది విడిచిన తొర్రలలో మైనాలు, చిలుకలు గూళ్ళు పెట్టుకొంటాయి.

సంతానోత్పత్తి

గ్రుడ్లు పెట్టే కాలం ప్రాంతాన్ని బట్టి ఫిబ్రవరి నుండి జులై వరకు ఉంటుంది. సాధారణంగా రెండు లేక మూడు తెల్లని, నిగనిగలాడే గ్రుడ్లు పెడుతుంది. అవి సుమారు 11 రోజులకు పొదుగుతాయి.