బోస్టన్ గార్డెన్: లోపల చప్పట్లు, బయట వివక్ష



అమెరికాలోని బోస్టన్‌లో 1928లో బోస్టన్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియం మొదలైంది. బాక్సింగ్, ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్, పాటల కచేరీలు అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి.

1950లో అక్కడి సెల్టిక్స్ జట్టు చక్ కూపర్‌ను ఎంచుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో నల్లజాతి ఆటగాడికి చోటు దక్కడం అదే మొదటిసారి. తర్వాత వచ్చిన బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిపించిండు. 1966లో ఆ లీగ్‌లోనే తొలి నల్లజాతి కోచ్ అయిండు. అయినా ఏం లాభం? దుండగులు ఆయన ఇంట్లో చొరబడి గోడల మీద జాతి పేరుతో బూతులు రాసిండ్రు. 1972లో ఆయన జెర్సీని గార్డెన్ పైకప్పుకు ఎత్తింది కూడా ప్రేక్షకులు రాకముందే. ఆయనే అట్ల కోరుకున్నడు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. చాలా నగరాలు తగలబడ్డాయి. మర్నాడు ఇదే గార్డెన్‌లో జేమ్స్ బ్రౌన్ కచేరీ ఉంది. రద్దు చేయకుండా టీవీలో లైవ్ ఇచ్చారు. జనం ఇళ్లలోనే కూర్చుని చూశారు, ఆ రాత్రి బోస్టన్ చాలావరకు ప్రశాంతంగా ఉంది.

గార్డెన్ 1995లో మూతపడింది, 1998లో కూల్చేశారు. భవనం పోయింది, ప్రశ్న మాత్రం పోలేదు. మన పిల్లలు మెడల్ తెస్తే చప్పట్లు కొట్టేవాళ్లు, మన గూడేనికీ అదే గౌరవం ఇస్తున్నరా? ఆలోచించండి.