నెల్లూరు తీరంలో స్థానిక ఆహార కేంద్రాలు

చుట్టుపక్కల ఊళ్లలో పండిన, పట్టిన తిండిని ఒకచోట చేర్చి, మధ్య దళారులను తగ్గించి, ఆ ప్రాంతపు జనానికే సరసమైన ధరకు అందించే ఏర్పాటును స్థానిక ఆహార కేంద్రం అంటారు. అమెరికాలో దీన్ని ఫుడ్ హబ్ అని పిలుస్తారు. జపాన్‌లో 1993 నుంచి రహదారుల పక్కన వెలిసిన ‘మిచి నో ఎకి’ విడిది కేంద్రాల్లో ఆ ఊరి రైతులే కూరలు, పండ్లు తెచ్చి అమ్ముతారు. నెల్లూరు తీరంలో ఈ ఆలోచన ఒకే పేరుతో, ఒకేసారి రాలేదు. పొదుపు సంఘంగా, రైతుబజారుగా, ధాన్యం కొనుగోలు కేంద్రంగా, పోషకాహార కేంద్రంగా ముప్ఫై ఏళ్లలో విడివిడిగా వచ్చింది.

ఈ తీరానికి తిండి కొరత ఉండాల్సిన పనే లేదు. పెన్నపై నెల్లూరు, సంగం దగ్గర 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టలతో డెల్టా అంతా వరి మాగాణి అయింది. మొలగొలుకులు నెల్లూరు పేరు మోసిన బియ్యం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వుకునేవారు. ఉప్పునీటి మీద పలచగా తేలి ఉండే మంచినీటిని పైపైన తోడుకునే లోతులేని గుంటలవి. ఆ నీళ్లతోనే ఆకుకూరలు, వంగ, మిరప, వేరుశనగ పండించారు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు తర్వాత ఈ దొరువులను మెరుగుపరిచారు. ఇక మత్స్యకారుల పాళేల్లో చేపలు, పులికాట్‌లో రొయ్యలు, పీతలు సరేసరి.

ఇంత పండినా విస్తరిలో అన్నమే ఎక్కువైంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిని తగ్గించింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు రేషన్ కార్డు మీద రాలేదు. 1990లలో రొయ్యల చెరువులు తీరమంతా పరుచుకున్నాయి. తాగునీరు, పొలాలు ఉప్పుబారాయన్న ఫిర్యాదులు పెరిగాయి. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. అయినా సాగు వేరే రూపంలో తిరిగి పుంజుకుంది. ఇక్కడ పెరిగిన రొయ్య ఐసు పెట్టెల్లో విదేశాలకు వెళ్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నపూర్ణ అని పేరు పడ్డ రాష్ట్రంలో ఈ అంకె బాధ కలిగిస్తుంది.

నెల్లూరు కథను మలుపు తిప్పింది ఆడవాళ్లు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా రాత్రిబడులు నడిపింది. దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించిన సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమై ఆ బడుల్లోకి వచ్చింది. దాన్ని చదివిన ఊళ్లు సారాబండ్లను వెనక్కి పంపాయి. దూబగుంటకు చెందిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. సారాకు పోని కూలిడబ్బు ఏమవ్వాలన్న ప్రశ్నకు నెల్లూరు ఇచ్చిన జవాబు ‘పొదుపు లక్ష్మి’. రోజుకు రూపాయి చొప్పున నెలకు ముప్ఫై రూపాయలు. తర్వాత రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలు అంత త్వరగా పాతుకోవడానికి ఈ జిల్లా అనుభవం దారి చూపింది. ఆహార చరిత్రలో సారా ఉద్యమానికి చోటేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇంటికి ఏం కొనాలో నిర్ణయించే చెయ్యి మారింది అప్పుడే. తర్వాత వచ్చిన ప్రతి కేంద్రం ఆ చేతి మీదే నిలబడింది.

1999 జనవరి 26న చంద్రబాబునాయుడు ప్రభుత్వం రైతుబజార్లను ప్రారంభించింది. 1987లో పంజాబ్‌లో మొదలైన ‘అప్నీ మండీ’ అప్పటికే ఉంది. రైతుబజార్లు వచ్చిన 1999 నవంబరులోనే తమిళనాడు మధురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది. రైతుబజారు పద్ధతి సులువైనది. కలెక్టరు ప్రభుత్వ స్థలం చూపిస్తారు. రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ అధికారులు ఊళ్లకు వెళ్లి కూరగాయలు పండించేవారిని గుర్తించి కార్డులిస్తారు. స్థలానికి అద్దె లేదు, కాటా ఉచితం. తట్టలు, మూటలు మోసుకొచ్చేందుకు ఆర్టీసీ బస్సులు. ధరను ఎస్టేట్ ఆఫీసరు, రైతుల కమిటీ కలిసి రోజూ పొద్దున్నే నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. టోకు ధరకన్నా పాతిక శాతం దాకా ఎక్కువ, బయటి చిల్లర ధరకన్నా పాతిక శాతం దాకా తక్కువ ఉండాలన్నది లెక్క. రైతుకూ, కొనేవారికీ మిగిలేది ఆ మధ్య తేడాలోంచే.

నెల్లూరులో ఫతేఖాన్‌పేట రైతుబజారు ఈ వరసలోదే. ఇలాంటి బజార్లు రాష్ట్రంలో వందకు పైగా ఉన్నాయి. డ్వాక్రా సంఘాలకూ వీటిలో దుకాణాలు కేటాయించారు. లోపాలూ మొదటి నుంచీ ఉన్నాయి. రైతు కార్డుతో వ్యాపారి కూర్చోవడం వాటిలో పెద్దది. రైతుకు పొలంలో పని ఉంటుంది, రోజంతా కొట్లో కూర్చోలేడు. ఆ ఖాళీలోకి మారుబేరగాళ్లు వచ్చారు. కార్డులను తరచూ తనిఖీ చేసిన చోట బజారు బజారుగా నిలిచింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు రైతుబజార్లను విడగొట్టి బడి మైదానాల్లో, బస్టాండ్లలో పెట్టారు. కూరగాయలు జనం దగ్గరికి రాగలవని ఆ వారాల్లో తేలిపోయింది.

2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ డ్వాక్రా సంఘాల చేతికి మరో పని ఇచ్చింది. గ్రామ సమాఖ్యలు టోకున బియ్యం కొని సభ్యులకు అప్పుగా ఇచ్చాయి, ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపాయి. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు పూటపూటా వండిపెట్టే పోషకాహార కేంద్రాలనూ నిర్వహించాయి. నా దృష్టిలో మొత్తం చరిత్రలో ఆహార కేంద్రమన్న మాటకు అతి దగ్గరగా వచ్చినవి ఇవే, ఎందుకంటే కొనడం, వండడం, తినిపించడం ఒకే సంఘం చేతిలో ఉన్నాయి. నిధులు తగ్గగానే అవి సన్నగిల్లడం పెద్ద నష్టం.

రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం కూడా ఈ సంఘాల మీదుగానే ఊళ్లకు చేరింది. వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, ఘనజీవామృతం, 20 నుంచి 30 సెంట్ల ముక్కలో రకరకాల కూరలు వేసి ఏడాది పొడవునా కోసుకునే ‘ఏటీఎం’ పద్ధతి ఇందులో ప్రధానం. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌వారి గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. ఇసుక నేలల చిన్న రైతుకు ఏటీఎం ముక్క బాగా సరిపోతుంది: పండింది ముందు ఇంటికి, మిగిలింది బజారుకు.

ఈ చరిత్రలో వెనకబడింది చేప. పాళెంలో పడవ ఒడ్డుకు రాగానే వేలంపాట పాడతారు. వంజరం, చందువ లాంటివి బయటి ఊళ్లకు పోతాయి. నెత్తళ్లు, కవళ్లు తట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది మత్స్యకార స్త్రీలు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయం ఎక్కువగా పడవలు, వలల రూపంలో వచ్చింది. 2021లో ప్రభుత్వం ఆక్వా హబ్‌లు, ‘ఫిష్ ఆంధ్ర’ దుకాణాలు మొదలుపెట్టింది. కానీ వాటి చూపు పట్నం వినియోగదారు మీదే నిలిచింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో పేదింట్లో పులుసుకు ఎండుచేపే దిక్కు. దాన్ని ఇసుకలో కాక శుభ్రమైన అరుగుల మీద ఎండబెట్టే వసతి ప్రతి పాళేనికీ కావాలి. కూరగాయల రైతుకు 1999లో ఇచ్చిన నీడ, నీళ్లు, కాటా, బస్సు చేపలమ్మే ఆడవాళ్లకూ ఇవ్వాలి.