వీరశిలలపై శునకములు - కుక్కపిల్లల శిక్షణమున ఆదరస్పర్శ

ధర్మపురి జిల్లాయందలి తుంబలహళ్లి పేరు వినినంతనే ఆ సీమ స్వభావము కొంత బోధపడును. హళ్లి యనగా కన్నడమున పల్లె. ఊరిపేరు కన్నడము, పాలనభాష తమిళము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములందు వేలకొలది కుటుంబముల ఇంటిభాష తెలుగు. పూర్వము తగడూరు అను పేర ప్రసిద్ధమైన ఈ సీమ 1965 వఱకు సేలము జిల్లాలో భాగమై యుండెను. మెట్టపైరులును, పశువుల మందలును ఇచ్చటి జనులకు తరతరములుగా జీవనాధారములు. మంద యున్నచోట దొంగభయ ముండును. దొంగభయ మున్నచోట కుక్క యుండును. పశువులకొఱకు పోరి మడిసిన వీరుల స్మారకశిలలు ఈ ప్రాంతమున విశేషముగ లభించుటకు ఇదియే కారణము. తమిళులు వీనిని నడుకల్లు లందురు. మనము వీరగల్లు లందుము.

కుక్కనుగూర్చి మన లోకోక్తులు పలుకునది వేఱు. దాని తోక వంకర తీరదని సామెత. దానిని గద్దెపై గూర్చుండబెట్టినను గుణము మారదని సుమతిశతకకారుని నీతి. ఈ మాటలు నమ్మినవారు కుక్కపిల్లకు కఱ్ఱయే గురువని తలంతురు. శాసనములును, పురాణములును, నేటి పరిశోధనలును ఇందుకు భిన్నమైన సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ సాక్ష్యమును ఒకచోట చేర్చి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

ధర్మపురికి పొరుగుననున్న తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అను గ్రామము కలదు. అచ్చటి వీరశిల పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనసంవత్సరమునాటిది. అనగా 7వ శతాబ్దపు పూర్వభాగమునకు చెందినది. కరుందేవకత్తి అను వీరుడు ఎనుముల మందను కాచుటలో ప్రాణములు విడిచెను. శిలపై వీరుని రూపమును, అతని వెనుక కుక్క రూపమును చెక్కబడినవి. ఆ కుక్క పేరు కోవివన్ అనియు, అది ఇరువురు దొంగలను కఱచి కాచి నిలిచెననియు లిపిలో స్పష్టముగ నున్నది. వీరులకే పరిమితమైన గౌరవమును ఒక మూగజీవముతో పంచుకొనిన ఆ గ్రామస్థుల సంస్కారము ప్రశంసనీయము.

రెండవ సాక్ష్యము కర్ణాటకములోని మండ్య జిల్లాయందలి ఆతకూరు శాసనము. ఇది శకవర్షము 872, అనగా క్రీ. శ. 949-50 నాటిది. తక్కోలము యుద్ధమున చోళ రాజాదిత్యుని కూల్చిన గాంగ బూతుగుడు, తన సేవకుడగు మణలేరుని పరాక్రమమునకు మెచ్చి, కోరినది యిచ్చెద ననెను. మణలేరుడు ఊళ్లు కోరలేదు, బంగారము కోరలేదు. కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కాళి ఒక మహావరాహముతో పోరి, దానిని చంపి తానును చచ్చెను. చల్లేశ్వరుని ఆలయముకడ దాని స్మృతికి శిల నిలుపబడెను. ఆ శిలకు పూజ జరుగుటకై భూమియు ఈయబడెను. ఆ శిల నేడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున భద్రముగ నున్నది.

ఈ శిలలు కుక్కపిల్లను ఎట్లు పెంచిరో చెప్పవు; చరిత్రకారుడు శాసనమున లేనిదానిని శాసనమునకు అంటగట్టరాదు. కాని రెంటను పేర్లు కలవు. పేరు పెట్టుట పిలుచుటకు. పిలుచుట దగ్గఱకు రప్పించుటకు. యజమానుడు పడిపోయిన తరువాతను తొలగిపోక నిలిచిన కుక్కను అక్కడ నిలిపినది కఱ్ఱ కాదు. కఱ్ఱ పట్టినవాడు పడినచో కఱ్ఱభయమును అంతటితో తీరును గదా.

ఆంధ్రమహాభారతపు ఆదిపర్వమున నన్నయ తెలిగించిన సరమోపాఖ్యానము ఈ విషయమున మనకు ఆదిపాఠము. జనమేజయుని యాగభూమికి ఆడుకొనవచ్చిన సారమేయుడను కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయెను. సరమ వచ్చి, తప్పు చేయనిదానిని కొట్టుట యుక్తాయుక్తవిచారము లేమి యని రాజును నిలదీసి, అనుకొనని భయము కలుగునని పలికి పోయెను. ఇక తిక్కన తెలిగించిన మహాప్రస్థానికపర్వమున ధర్మరాజు, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లడు. భారతకథ కొట్టబడిన కుక్కపిల్లతో మొదలై, విడువబడని కుక్కతో ముగియుచున్నది.

మన తెలుగువారి అనుభవమును ఇదే. విజయనగరకాలపు వలసలతో సంబంధముగల రాజపాళయపు రాజులు తమ యిండ్లకును పొలములకును కావలిగ పెంచిన తెల్లని కుక్కలే నేడు రాజపాళయము జాతిగ ప్రసిద్ధములు. 2005లో భారత తపాలాశాఖ ఈ జాతిపై బిళ్ల వెలువరించినది. ఇది పరుల చేయి తనపై పడనీయదు. తనవారి చేతికి మాత్రము తల వంచును. కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్కలు బాతుల మందలను కాచెడివి. పట్టి తినవలసిన పక్షిని కాచుట నేర్చిన జంతువు గుణము మారదనుట యెట్లు?

ఇక నేటి శాస్త్రము చెప్పునది. 1961లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అను పరిశోధకులు, పదునాలుగు వారములవఱకు మనుష్యస్పర్శ యెఱుగని కుక్కపిల్లలు అడవి మృగములవలె బెదరునని నిరూపించిరి. 2015లో ఫ్యూయర్‌బాకర్, విన్ అనువారు, కుక్కలు మాటల మెప్పుకంటె చేతి నిమురుటనే కోరునని కనుగొనిరి. క్రొత్తపని నేర్పునపుడు తిండియే త్వరితఫల మిచ్చునని వారే అంతకుముందు చూపిరి. ఆ మాటను దాచుట న్యాయము కాదు. అయితే 2017లో కలకత్తా సమీపమందలి భారతీయ విజ్ఞానవిద్యా పరిశోధనసంస్థలో దేబొత్తమ్ భట్టాచార్జీ, అనిందిత భద్ర మొదలగువారు మన వీథికుక్కలనే పరీక్షించి, అపరిచితునియందు నమ్మకము కుదురుటకు తిండికంటె నిమురుటయే యెక్కువ తోడ్పడునని ప్రకటించిరి. తిండి పని నేర్పును. స్పర్శ నమ్మిక నేర్పునని దీని సారము.

ఆచరణమున కొన్ని నియమములు కలవు. ఎనిమిది వారములు నిండకమున్ను పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. పేరు ఒక్కటే పెట్టి, ఇంటివారందఱును ఆ పేరుతోనే పిలువవలయును. పిలుపు విని వచ్చిన క్షణముననే ఱొమ్ముమీదనో, చెవిక్రిందనో మెల్లగ నిమురవలయును. ఆలస్యమైనచో దేనికి మెచ్చితిమో దానికి తెలియదు. పైనుండి తలపై చేయి వేసినచో పసిపిల్ల బెదరును. నిమురుట యాపినపుడు తానై దగ్గఱకు జరిగినచో అది కోరుచున్నదని గుర్తు. మొగము త్రిప్పుకొనినచో చాలునని గుర్తు. పండ్లతో చేతిని పట్టినచో కొట్టక, చేయి తీసికొని కొంతసేపు పలుకక యుండిన చాలును. ఆట ఆగుటయే దానికి దండనము. నిమురు చేయియే కొట్టు చేయి కారాదు. చేయెత్తినపుడు మెప్పు వచ్చునో దెబ్బ వచ్చునో తెలియని కుక్క, భయముచేత కఱచును. అపుడు దానిని దుష్టమని వెడలగొట్టుదుము. నేరము ఎవరిదో చదువరులే నిర్ణయింతురుగాక.

ఆదరముతోపాటు జాగ్రత్తయు వలయును. పిచ్చికుక్కవ్యాధి సోకిన పిల్లవలనను మనుష్యునకు ప్రాణాపాయము కలుగును. కావున పశువైద్యుని సలహాతో సకాలమున టీకా వేయింపవలయును. కఱచినను, గీరినను, గాయమును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి వెంటనే వైద్యుని కడకు పోవలయును.

పదునాలుగు శతాబ్దములక్రిందట ఈ సీమలోని ఒక పల్లె తన కుక్క పేరును రాతిపై వ్రాయించినది. రాజుల పేర్లు పెక్కు మఱుగుపడినను, కోవివన్ పేరు చెడక నిలిచినది. తుంబలహళ్లి మొదలగు పల్లెలలో నేడును వాకిట కాపున్న కుక్క ఆ పరంపరలోనిదే. మనము దానికి శిల నాటింపనక్కఱలేదు. అది పసిదై మన కాళ్లకడకు వచ్చిననాడు కఱ్ఱకై వెదకక చేయి చాచిన చాలును.