‘ఎ వన్’ ఎక్కడి మాట?

కిరాణా కొట్టులో కందిపప్పు పొట్లం కడుతూ “ఎ వన్ సరుకమ్మా!” అంటాడు. చీరల షాపులోనూ అదే మాట. ఈ ‘ఎ వన్’ పుట్టింది కొట్లో కాదు, బళ్ళో మార్కుల పుస్తకంలోనూ కాదు. ఓడల కోసం పుట్టింది.

పదిహేడో శతాబ్దం చివర లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటలు నడిపేవాడు. ఓడల యజమానులు, కెప్టెన్లు, ఓడలకు బీమా రాసే షావుకార్లు అక్కడే చేరేవారు. పిల్లనిచ్చే ముందు అబ్బాయి సంగతులు వాకబు చేస్తాం కదా! బీమా రాసేవాడికీ అదే బెంగ. ఓడ గట్టిదో, పుచ్చిందో తెలియకుండా పూచీ పడడం ఎలా? అందుకని 1760లో వాళ్ళంతా ఓ సంఘం పెట్టుకుని ఓడల జాబితా తయారుచేయించారు. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో పాతది 1764 నాటిది.

అందులో ఓడ పేరు, కెప్టెన్ పేరు, కట్టిన ఊరు, బరువు వగైరాలతోపాటు మార్కులుండేవి. ఓడ కట్టుబడికి ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలు. లంగర్లు, మోకులు, తెరచాపలకు మంచి, మధ్యరకం, చెడ్డ అని వేరే గుర్తులు. పదేళ్ళు తిరిగేసరికి ఈ గుర్తుల స్థానంలో అంకెలొచ్చాయి. కట్టుబడీ గట్టిదే, సామగ్రీ మంచిదే అయితే ‘ఎ వన్’ అన్నమాట!

తర్వాత థేమ్స్ నది ఒడ్డున కట్టిన ఓడలకే మంచి మార్కు ఎక్కువ ఏళ్ళు ఉంచసాగారు. మిగతా ఊళ్ళ యజమానులకు ఒళ్ళు మండింది. 1799లో వాళ్ళూ ఓ పుస్తకం వేశారు. బీమావారిది పచ్చ పుస్తకం, వీరిది ఎర్ర పుస్తకం. పోటీపడి రెండూ చితికిపోయాక, 1834లో రాజీపడి ఒకటయ్యాయి.

ఇంతకీ ఈ మార్కులు ఎవరి మేలుకి? ఓడ మునిగితే సొమ్ము నష్టపోయేవారి మేలుకి. నావికుడి ప్రాణానికి ఆ పుస్తకంలో గడి లేదు. మార్కు ఉండి తీరాలన్న చట్టమూ లేదు. ముసలి ఓడలో గొంతుదాకా సరుకు కుక్కి, బీమా చేయించి సముద్రం మీదికి తోలేవారు కొందరు. వాటికి ‘శవపేటిక ఓడలు’ అని పేరు. పనికి ఒప్పుకున్న నావికుడు, తీరా ఓడని చూసి భయపడి ఎక్కనంటే జైలు! ఎక్కితే భార్యాపిల్లలు దిక్కులేనివాళ్ళయ్యే ప్రమాదం.

శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఈ అన్యాయం మీద 1873లో పుస్తకం రాశాడు. భార్య ఎలైజా కూడా ఆయనతో సమంగా పాటుపడింది. 1875లో ప్రభుత్వం ఓడల బిల్లును పక్కన పెట్టేస్తే, ఆయన నిండు సభలో నిప్పులు చెరిగాడు. జనం ఆయన పక్షాన నిలబడ్డారు. 1876లో చట్టం వచ్చింది: ఎంతవరకు మునగవచ్చో తెలిపే గీత ప్రతి ఓడ పక్కన ఉండాలి. కాని ఆ గీత ఎక్కడ గియ్యాలో యజమాని ఇష్టమట! తూకంరాళ్ళు కొట్టువాడి ఇష్టానికి వదిలినట్టు. ఆ లొసుగు 1890లోగాని పోలేదు. గీత ఎక్కడుండాలో తేల్చడానికి అప్పుడు అక్కరకొచ్చినవి లాయిడ్స్ రిజిస్టర్ వారి లెక్కలే.

మన దేశానికీ 1975లో ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఏర్పడింది. ఎప్పుడైనా విశాఖ హార్బరుకు వెళితే, ఓడ పక్కన సున్నా, దాని మధ్యగా అడ్డగీత కనిపిస్తాయేమో చూడండి. అటూ ఇటూ ‘ఐ’, ‘ఆర్’ ఉంటే మనవాళ్ళు, ‘ఎల్’, ‘ఆర్’ ఉంటే లాయిడ్స్ వారు లెక్కకట్టారని గుర్తు. సొమ్ము కోసం పుట్టిన పుస్తకం, మనిషి కోసం గీసిన ఆ గీత దగ్గరకు చేరడానికి నూట పాతికేళ్ళు పట్టింది.